డెట్‌లెఫ్ బంతిని ఆపినవాడు

గెర్లిండె బడ్డీకొట్టు కిటికీ ముందు ఆ సాయంత్రం ఒక విషయం తేలాల్సి ఉంది. మర్నాడు ఆదివారం డెట్‌లెఫ్ కొవాలిక్ సొంత ఊరికి వస్తున్నాడు. ఆయన ఫుట్‌బాల్ మానేసి ఎన్నేళ్లయినా, ఈ బొగ్గుగనుల ఊళ్లో ఆయన పేరు వింటే నడుం వంగినవాళ్లు కూడా నిటారుగా నిలబడతారు. ఊరి మైదానంలో ఆయన సరదాగా ఒక పెనాల్టీ కొడతాడట. చిన్నప్పుడు ఆయనతో ఆడినవాళ్లలో ఒకరు గోల్లో నిలబడాలని క్లబ్బువాళ్లు కబురు పంపారు. ఎవరు నిలబడాలి? అదీ ప్రశ్న.

చిన్నప్పుడు డెట్‌లెఫ్‌తో ఆడినవాళ్లలో ఒకడైన ఎగోన్ బీరు సీసా గట్టు మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో ఆలోచించేదేముంది? డెట్‌లెఫ్ కొట్టిన బంతిని ఈ ఊళ్లో ఆపింది నేనొక్కణ్ణే. గని రాళ్లగుట్ట కింద ఆడేవాళ్లం. వాడు కొట్టాడు, నేను ఆపాను, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"తెలుసులే," అన్నాడు క్లెమెన్స్. ట్రామ్ నడిపి రిటైరైన మనిషి.

"కానీ అది మామూలు బంతి కాదు క్లెమెన్స్. దాని గాలికి మా అమ్మ ఆరేసిన దుప్పట్లు ఒక్క క్షణంలో ఆరిపోయి, వాటంతటవే మడత కూడా పడ్డాయి. వీధిలో పావురాలు ఎగిరిపోయి పొరుగూళ్లో దిగాయి, ఇప్పటికీ అక్కడే కాపురం. నేను ఛాతీతో ఆపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంతి వెనక్కి పోయి గని మీది పెద్ద చక్రాన్ని కొట్టింది, చక్రం గిర్రున తిరిగి, కింద పనిచేసేవాళ్లందర్నీ వేళ కాకుండానే పైకి లాగేసింది."

"మా నాన్న ఆ రోజు పెందలాడే ఇంటికి రాలేదే."

"పైకి వచ్చాడు, తిన్నగా బీరు తాగడానికి పోయాడు. మీ అమ్మకి చెప్పలేదంతే. బంతి మటుకు హాలెండ్ దాకా పోయింది. వాళ్లు మంచివాళ్లు, తిరిగి పంపుతూ ఒక జున్నుగడ్డ కూడా కట్టించారు. అప్పుడు డెట్‌లెఫ్ నా భుజం మీద చెయ్యేసి, 'బంతిని నిన్ను దాటించలేకపోయాను ఎగోన్, ఇక లోకంలో ఎవడైనా నాకు లెక్క లేదు' అన్నాడు. అన్నట్టే దేశం జట్టులోకి పోయాడా లేదా? వాడు ఆట మానేసిన రోజు రైన్ నది కాసేపు ఆగి నిలబడింది. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ వాడు రొట్టె కొనడానికి బయల్దేరితే ట్రామ్ పట్టాలు దిగి వాడి వెనకాలే నడిచేది."

"నా ట్రామ్ ఎప్పుడూ దిగలేదు."

"నువ్వు కునుకు తీస్తుండేవాడివి."

సాసేజిలు తిప్పుతున్న గెర్లిండె గరిటె పక్కన పెట్టింది.

"ఎగోన్, ఆ రోజు గోల్లో ఉన్నది నేను."

ఎగోన్ సీసా వైపు చూశాడు.

"అప్పట్లో ఆడపిల్లల్ని క్లబ్బులో ఆడనిచ్చేవాళ్లు కాదు. గుట్ట కింద ఎవరూ అడిగేవాళ్లు లేరు, అందుకని నేనే నిలబడేదాన్ని."

"మరి వీడో?" అన్నాడు క్లెమెన్స్.

"ఆ రోజు ఒకటే చలి. కోటు విప్పి గోలుకి హద్దుగా పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందుకని వీణ్ణి నిలబెట్టాం. వీడు ఎడమ స్తంభం."

క్లెమెన్స్ నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. సాసేజిల కోసం వరసలో నిలబడ్డవాళ్లు కూడా ఆ నవ్వు అందుకున్నారు. ఎగోన్ వాళ్ల నవ్వు సద్దుమణిగేదాకా ఓపిక పట్టాడు.

"బంతి నాకు తగిలిందా లేదా?"

"తగిలింది."

"ఆగిందా లేదా?"

"ఆగింది," ఒప్పుకుంది గెర్లిండె. "పాపం, నువ్వు కదల్లేదు కూడా."

"అయితే రేపు?"

"రేపు గోల్లో నేనుంటాను."

"మైదానంలో ఇనుప స్తంభాలున్నాయి కదా," అన్నాడు ఎగోన్, ఈసారి చిన్న గొంతుతో.

గెర్లిండె అతని సాసేజి పొట్లం కట్టి కిటికీలోంచి అందించింది.

"ఉంటే ఉన్నాయి. ఎడమదాని పక్కన నువ్వు నిలబడు. బంతి నీకు తగిలితేనే డెట్‌లెఫ్ మనల్ని గుర్తుపడతాడు."