మొదటి ముద్ద

పళ్లెంలో అన్నం చల్లారిపోతోంది. తల్లి ఇన్సులిన్ సూది పట్టుకుని నిలబడింది. ఎనిమిదేళ్ల కూతురు దుప్పట్లో దూరి మొండికేసింది.

"ఈ సూది కనిపెట్టినవాడు దొరికితే చెంప వాయిస్తా!"

"కాళ్లకు మొక్కవే, పెంకిఘటమా! ఈ మందు రాకముందు నీలాంటి పిల్లలకి కడుపునిండా తిండే పెట్టేవాళ్లు కాదు. తింటే చక్కెర పెరిగి చస్తారని కడుపు మాడ్చేవాళ్లు. అయినా బతికేవాళ్లు కాదు."

"వాళ్లమ్మలు ఊరుకున్నారా?"

"ఊరుకోక ఏం చేస్తారు? మందే లేదుగా!" తల్లి దుప్పటి అంచు పట్టి లాగింది. "తర్వాత ఎవరో మొండివాళ్లు పట్టుబట్టి కనిపెట్టారు. ముందు కుక్కలకి వేసి చూశారు."

"కుక్కలకా! ఏడ్చాయా?"

"ఏడ్చే ఉంటాయి. వాటినెవడు అడిగాడు? వాటి పుణ్యమేనే నీ ప్రాణం."

దుప్పట్లోంచి చెయ్యి బయటికొచ్చింది. సూది దిగినా పిల్ల కిక్కురుమనలేదు.

"అమ్మా, మన వీధికుక్కకి అన్నం పెడదామా?"

"నిన్ను తరుముతుందని రాళ్లు ఏరిపెట్టుకున్నావు, దానికేనా?"

"రాళ్లు పారేస్తాలే."

"సరే, నువ్వు తిన్నాక పెడదాం."

"ఊహూఁ, ముందు దానికే. సూది ముందు వేయించుకుంది దాని వాళ్లే కదా!"

తల్లి మొదటి ముద్ద కలిపి పక్కన తీసిపెట్టింది. రెండోది కూతురి నోట్లో పెట్టింది.