నల్లబడిన మంచు

ఉపగ్రహం అప్పుడే పంపిన మంచుకొండ చిత్రాన్ని ఆమె తన కంప్యూటర్‌లో చూసింది. ఆ కొండ కింద రోడ్డు మీద మంచు తొలగించే యంత్రం నడుపుతున్న అన్నకు వెంటనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీ పైనున్న కొండ వాలు నల్లగా కనిపిస్తోంది."

"నీ కంప్యూటర్‌కి కళ్ళజోడు పెట్టించవే! ఇక్కడ ఎండకి తళతళలాడుతుంటే కళ్ళు తెరవలేకపోతున్నా."

"కంటికి అలాగే ఉంటుంది. ఇది మన కంటికి ఆనని వెలుగులో తీసిన బొమ్మ. పొడి మంచు ఆ వెలుగుని వెనక్కి చిమ్మేస్తుంది. తడిసి, రవ్వలు లావెక్కాయంటే మింగేస్తుంది. నిన్న ఇదే వాలు తెల్లగా ఉంది."

"అంటే?"

"పైనుంచి కరుగుతోంది. ఏ క్షణమైనా జారుతుంది. వచ్చెయ్, నీకు దణ్ణం పెడతా."

అన్న గొంతులో నవ్వు ఆగిపోయింది.

"మీ వదిన ఎక్కిన బస్సు నా వెనకే వస్తోందే. రోడ్డు బాగైందని నేనే కబురు పెట్టా."

"ఫోన్ చేసి ఆపు!"

"వాళ్ళింకా లోయలోనే ఉంటారు, అక్కడ సిగ్నల్ ఉండదు. ఈ యంత్రాన్ని ఇక్కడ తిప్పలేను. దిగి ఎదురు పరిగెడతా. ఫోన్ పెట్టెయ్యకు."

తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, అన్న ఆయాసం. తర్వాత ఎవరో గట్టిగా బ్రేకు వేశారు. వదిన గొంతు ఏదో అడుగుతోంది. అంతలో కొండ మీద దూరంగా మొదలైన ఉరుములాంటి మోత ఎంతకీ ఆగలేదు.

"అన్నయ్యా! పలుకు!"

"ఉన్నానే. బస్సు పక్కన నిలబడ్డా, మీ వదినా ఇక్కడే ఉంది..."

"మరి ఏడుస్తున్నావెందుకు?"

"ఇందాక నేను కూర్చున్న చోటు లేదే."