ఆ కుర్చీలోంచి లేచిన మనిషి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై పదిహేడో తేదీన, నేడు పదవీ విరమణ చేస్తున్న మన వేతన తనిఖీ అధికారిగారు ఈ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. 'అనుమానంగారు' అని మనమంతా వారి చాటున, వారి శ్రీమతి ఎదుట మాత్రం బాహాటంగానే పిలుచుకునే ఈ పెద్దమనిషి, ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా నమ్మేవారంటే కొత్తగా చేరినవారు నమ్మరు.

ఏడేళ్ళకు తనిఖీ అధికారి అయ్యారు. సర్వీస్ స్టేషన్లన్నీ వారి వంతుకు వచ్చాయి. తుడిచేవారిది, కడిగేవారిది మొదటి తరగతి; పెట్రోలు పోసేవారిది రెండు; బండి బాగుచేసేవారిది మూడు. తరగతిని బట్టి జీతం. జీతాల పట్టీలో రాసిన పని పేరును బట్టి కాక, మనిషి చేసే పనిని బట్టి తరగతి వేయాలన్నది నియమం. ఆ నియమం వారికి కంఠతా వచ్చు. దాని అర్థం మాత్రం మరో ఆరేళ్ళకు తెలిసింది.

ఒకనాడు సంతకం లేని కార్డు వచ్చింది. ఫలానా స్టేషన్లో చీపురు పట్టే ఆవిడే బండ్లు బాగుచేస్తోందని దాని సారాంశం. ఆరేళ్ళ తనిఖీలతో పాత నమ్మకం సడలిన అధికారిగారు ముందు ఆ కార్డునే అనుమానించారు. రాసినవాడికి ఏం లాభం? అయినా ఆఫీసు జీపులో వెళ్ళారు. మేనేజరు అడక్కుండానే టీ తెప్పించాడు. మెకానిక్కని చూపించిన తన బావమరిది చొక్కాకు మడతలింకా పోలేదు. అధికారిగారికి రెండూ నచ్చలేదు.

"మా జీపు బ్రేకులు చూడు బాబూ," అన్నారు.

బావమరిది మీట నొక్కి జీపును లిఫ్ట్ మీద పైకి లేపాడు. దించడం మాత్రం అతని తరం కాలేదు.

"కరెంటు తక్కువగా ఉందండీ," అన్నాడు మేనేజరు.

"పరవాలేదు, నాకు తొందరేం లేదు. క్యారేజీ తెచ్చుకున్నాను."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అది జీపులోనే ఉందండీ."

"అయితే రెండూ కలిసే దిగుతాయి. కూర్చో."

రెండు గంటలు గడిచాయి. చివరికి మేనేజరు, చీపురుతో నిలబడ్డ ఆవిడ వైపు చూడకుండానే, "అక్కా, కాస్త చూడమ్మా," అన్నాడు.

ఆవిడ చీపురు గోడకు ఆనించింది. "ముందు కొంచెం పైకి లేపాలి తమ్ముడూ, అప్పుడే లాకు వదులుతుంది," అంటూ అర నిమిషంలో జీపును నేలమీద పెట్టింది.

దొంగ దొరికాడన్న తృప్తితో అధికారిగారు కలం తీశారు. అప్పుడు ఆవిడ నెమ్మదిగా అంది: "ఆరేళ్ళ కిందట కూడా మీరే వచ్చారు సార్. అప్పుడూ నేను బండి కిందే ఉన్నాను. మీరు ఇదే కుర్చీలో కూర్చుని టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు."

ఆ మాటనూ అనుమానించి వారు పాత ఫైలు తీయించారు. మొదటి తరగతి అని ధ్రువపరుస్తూ కింద ఉన్న గుండ్రటి సంతకం తమదే.

"ఆవిడ తరగతి ఇవాళ్టినుంచి మార్చి ఊరుకోండి. ప్రమోషను ముందు ఎందుకు గెలుక్కుంటారు?" అన్నారు పై అధికారి.

"ఇవాళ్టినుంచి అంటే, ఆ ఆరేళ్ళూ ఆవిడ నిజంగానే చీపురు పట్టినట్టు అవుతుంది కదండీ," అని, మొదటి తనిఖీలో పొరపాటు తనదేనని స్వదస్తూరితో రాసిచ్చారు. ఆవిడకు పాత తేదీ నుంచే మూడో తరగతి వచ్చింది. వారి ప్రమోషను మూడేళ్ళు వెనక్కి పోయింది.

ఆనాటినుంచి వారు ఏ స్టేషన్లోనూ కూర్చోలేదు, టీ ముట్టలేదు. నిలబడి, తిరిగి, బండ్ల కిందికి వంగి చూశారు. "ఇంట్లో కూడా అంతే, గిన్నె మూత తీసి చూస్తేగాని కూర పేరు నమ్మరు," అంటారు శ్రీమతిగారు. అనుమానం పాపమని పెద్దల మాట. అందరినీ అనుమానించి తమను వదిలేస్తే పాపమేమో. తమతోనే మొదలుపెట్టినవారికి కూడా అది పాపమేనా?

నేడు ఈ సభలో వారికొక కుర్చీ వేశాం. ఏ అనుమానమూ పెట్టుకోకుండా కూర్చోవాలని మనవి. ఆయుష్షు రాసే ఆ పైవాడు కూడా పట్టీ చూసి సంతకం పెట్టేయకుండా, ఒక్కసారి లేచి వచ్చి వీరు చేసిన పనిని కళ్ళారా చూసి, ఆరోగ్యంతో కూడిన నిండు నూరేళ్ళ తరగతిలో వీరిని వేయాలని ప్రార్థిస్తున్నాం.