వండూరు మొసలి మింగిన కరెంటు

పోర్ట్‌బ్లెయిర్‌లోని డైరీ ఫార్మ్ పేటలో కనకలక్ష్మి టీ కొట్టు ముందు కూర్చున్నాడన్న మాటే గానీ, సత్యారావు ప్రాణమంతా ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉంది. పొద్దున్నించీ వంటింట్లో ప్లగ్గులన్నీ చచ్చిపోయాయి. లైట్లు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఫేజ్ పోయిందంతే, పవర్‌హౌస్ వాళ్ళు ఇచ్చినప్పుడే వస్తుందని, ద్వీపంలో పుట్టినవాళ్ళందరిలాగే అతనూ ఎదురుచూస్తున్నాడు. కానీ ఫ్రిజ్‌లో సురమై చేప ఆగదే! ఏళ్ళ తరబడి మాటల్లేని బావమరిది పున్నయ్య రేపే రంగత్ నుంచి భోజనానికి వస్తున్నాడు. ఆ చేప కంపు కొట్టిందంటే కలిసిన చుట్టరికం మళ్ళీ తెగినట్టే.

ఉండబట్టలేక ఎదురుగా ఉన్న ధనరాజుతో గోడు చెప్పుకున్నాడు. ధనరాజు ఫోను రోజూలాగే కొట్టులో ప్లగ్గుకి వేలాడుతోంది.

"ప్లగ్గా? అదీ ఒక పనేటి భయ్యా!" ధనరాజు కాలు మీద కాలేశాడు. "వండూరులో మా తోడల్లుడింట్లో ఇలాగే ఒక ప్లగ్గు పోయింది. నేను టెస్టరు కూడా ముట్టలేదు. గోడకి చెవి పెట్టాను. కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో వినపడిపోయింది."

"వినపడిందా?" అంది కనకలక్ష్మి టీ వడగడుతూ.

"సునో దీదీ, మధ్యలో అడ్డు రాకు. వైరు వెంట పోయాను. గోడ దాటింది, పెరడు దాటింది, ఎర్తు గుంత దగ్గరికొచ్చింది. అక్కడ ఏటుందో తెలుసా? మొసలి! ఎర్తు వైరు నోట కరుచుకుని, ఇంటి కరెంటంతా తాగేసి, ఒళ్ళు వెచ్చబడి నిద్రపోతోంది."

"మొసలి సంగతి సరే భయ్యా, నా ఫ్రిజ్..." అన్నాడు సత్యారావు.

"అక్కడికే వస్తున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక చేత్తో దాని తోక పట్టుకున్నాను, రెండో చేత్తో స్తంభం పట్టుకున్నాను. తాగిన కరెంటంతా నాలోంచి వెనక్కి పోయింది! ముందు మా తోడల్లుడి మిక్సీ తిరిగింది. తర్వాత వండూరు జెట్టీ మీద లైట్లు. అక్కణ్ణించి బ్రూక్షాబాద్, పోర్ట్‌బ్లెయిర్, హేవ్‌లాక్! చెన్నై పోతున్న ఓడ కెప్టెన్ ఆ వెలుగు చూసి, తెల్లారిపోయిందనుకుని సిబ్బందికి టిఫిన్లు పెట్టించేశాడు. పవర్‌హౌస్ వాళ్ళు ఇంజన్లు ఆపేసి ఇళ్ళకెళ్ళిపోయారు. ఇంకా మిగిలితే నికోబార్ దాకా పంపాను!"

"మరి మీరు మాడిపోలేదా?" అంది కనకలక్ష్మి.

"మీసం కొంచెం వెచ్చబడింది."

సత్యారావుకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఓడకి టిఫిన్లు పెట్టినాయన తన చేపని కాపాడలేడా అని ఆశ కూడా కలిగింది. "అయితే ఒక్కసారి మా ఇంటికి రా భయ్యా" అని లేవబోతుంటే జేబులో ఫోను మోగింది. భార్య గవరమ్మ. గ్లాసు చేతిలో ఉందని స్పీకరు పెట్టాడు.

"ఏవండీ, ఫ్రిజ్ నడుస్తోంది! ఫేజూ లేదు, గీజూ లేదు. కెటిల్లో చెమ్మ చేరిందంట. ధనరాజు అన్నయ్య గారి ఇంటావిడ, శారద వదిన వచ్చి, దాన్ని పీకేసి, మీటరు పక్కన కిందికి పడిపోయిన స్విచ్చి పైకి లేపింది. అంతే!"

సత్యారావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చేప?"

"గట్టిగానే ఉంది. ఇదిగో, వదిన మాట్లాడతాదంట."

"సత్యారావు అన్నయ్యా," శారదాదేవి గొంతు కొట్టంతా వినపడింది, "పోయిన వారం మా హాల్లో ప్లగ్గులూ ఇలాగే పోతే నేనే లేపుకున్నాను. మా ఆయనకి మాత్రం చెప్పకండేం. ఫేజ్ వచ్చాక చెప్పవే అని, ఫోను పట్టుకుని రోజూ కొట్టుకే పోతున్నారు. సాయంత్రాలు ఇల్లు ఎంత హాయిగా ఉందో!"

కనకలక్ష్మి ధనరాజు ఫోను ప్లగ్గులోంచి పీకి, పవిటతో తుడిచి, అతని చేతికిచ్చింది.

ధనరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లేచి, తనే తీసుకెళ్ళి మళ్ళీ ప్లగ్గుకి పెట్టాడు.

"ఉండనీ దీదీ. మా ఇంటికి ఫేజ్ ఇంకా రాలేదు."