కాయకు వేరే నోరుందంట

సుంకులమ్మ చేతులు ఊరకుండేవి కావంట. కుండ మీద మూత పెట్టినాక మళ్ళా ఆ మూత తీసి చూడాల. పిల్ల నిద్రపోతే ముక్కు కాడ వేలు పెట్టి చూడాల. ఎందుకంటే ఆమెకు ఇద్దరు పిల్లలు నిద్రలోనే పోయినారంట. ఆ సంగతి అంతకన్నా చెప్పను. మిగిలింది ఉలిగమ్మ ఒక్కతే కూతురు. ఆ పిల్లను పక్కూరికి ఇచ్చినాక గూడా వారం తిరక్కుండా పోయి, తింటివా, ఏం తింటివి అని అడిగి, వియ్యపురాలి వంటింట్లోనే మూతలు తీసేదంట. 'అమ్మా, నీకు దండం పెడతా, మా అత్త చూస్తాంది, ఆ మూత పెట్టు' అనేదంట ఉలిగమ్మ. వియ్యపురాలు మంచిది కాబట్టి సరిపోయింది అనుకో.

మొగుడు పోయినాక సుంకులమ్మకు ఉండింది గుట్ట కింద ఎర్రచేను ఒకటే. దాంట్లో శెనక్కాయ ఏసేది. ఆ చేను చూస్తే ముచ్చటే, వాకిలి ఊడ్చినట్టు ఉంటాది, గడ్డిపోచ కనపడదు. ఆకేమో నల్లగా, గుబురుగా. పీకి చూస్తే ఏముంది? ఉత్త డొల్లలు, అవి గూడా అక్కడొకటి ఇక్కడొకటి. మరిది ఉరుకుందప్ప నలుగురిని కూచోబెట్టుకుని చెప్పినాడంట. 'వదినా, చూస్తి చూస్తి ఇసుగొచ్చింది. ఈ ఏడు గూడా ఆకే పండితే చేను నేను చేసుకుంటా. నువ్వు ఇంటికాడ కూచో, ఇంత సంగటి పెడతాలే' అని. నలుగురూ తల ఊపినారు. సుంకులమ్మ సరే అనింది. కానీ ఆ సంగటి మాట మటుకు మరిచిపోలేదంట.

ఇప్పుడు ఏమైందంటే, ఆ ఏడు వాన అదునుకే పడింది. దుక్కిలో ఎరువు తోలింది, విత్తనమేసింది, మొలిచింది, పసుపుపచ్చటి పూత గూడా వచ్చింది. ఆమె ఊరకుంటాదా? తట్టకు పేడెరువు ఎత్తుకుని మళ్ళా పొయ్యను పోయింది. మిట్టమధ్యాన్నం, చేలో నరపురుగు లేదు. 'పొయ్యద్దు' అని ఎవరో అన్నట్టయిందంట. ఎవరు? శెనక్కాయ చెట్టే. మీరు నమ్మకపోతే పోండి, నాకు చెప్పినామె అట్లే చెప్పింది. సుంకులమ్మ తట్ట దించి, 'ఆకలి కాలేదా నీకు?' అని అడిగిందంట. 'దుక్కిలో ఏసింది తింటి, చాలు. ఇంకా పోస్తే అంతా ఆకుకే పోతాది' అనిందంట చెట్టు. 'మరి కాయకు?' అనింది ఈమె. 'కాయకు వేరే నోరుంది. నా పూత వాడినాక సూది మాదిరి ఊడ ఒకటి మన్నులోకి దిగతాది. దాని కొనకు కాయ కడతాది. గింజ నిండాలంటే సున్నం కావాల. నా వేరు తిన్న సున్నం పైకి ఆకుకే పోతాది, కాయ దాకా దిగదు. చుట్టూ ఉండే మన్నులోంచి కాయే తినాల.' సుంకులమ్మ చెట్టు ముందర కూచునింది. 'నీ పిల్లకు నువ్వు తినిపించుకోలేవా?' అని అడిగింది. 'లేను. దగ్గర పెట్టాల, అంతే' అనింది చెట్టు. 'వంకలో తెల్లమన్ను ఉంది, తెచ్చి నా మొదుట్లో చల్లు. ఊడలు దిగినాక మటుకు కలుపు తీసే తొలిక పెట్టి మన్ను కదిలించొద్దు. ఇన్నేండ్లూ కలుపు తీస్తాననుకుంటా నువ్వు నా ఊడలు తెంపితివి. కాయ పడిందా లేదా అని పీకి పీకి చూస్తివి.' సుంకులమ్మ తట్టలో ఎరువు గట్టున కుమ్మరించింది. తట్ట ఎత్తుకుని వంకకు పోయి, తెల్లమన్ను తెచ్చి చెట్ల మొదుట్లో చల్లింది. ఇప్పుడు సంచుల్లో వస్తాదే జిప్సం, అట్లాంటి మన్నే అనుకో అది.

ఊడలు దిగినాయి. ఆమె తొలిక తీసకపోయి దూలానికి కట్టేసింది. ఇంగ చూడు, గడ్డి లేస్తాంది. పెరిగిందాన్ని కొడవలితో పైపైన కోసి బర్రెకేస్తాంది గానీ మన్ను ముట్టడం లేదు. చేతులు ఊరకుండక కొంగు పట్టుకుని పిండతాందంట. ఉరుకుందప్ప గట్టు మీద నిలబడి, 'ఏం వదినా, చేను గొర్రెలకిచ్చేస్తివా?' అన్నాడు. ఆమె కోసిన గడ్డి మోపు కట్టుకుంటాంది. 'పోనీ, ఒక్క చెట్టు పీకు, చూద్దాం.' పీకను అనింది. 'భయమా?' అన్నాడు. 'భయమే' అనింది. ఆ మాటకు వాడు తలగుడ్డ దులుపుకుని గట్టు దిగి పోయినాడంట. కూతురొచ్చి, దానికీ ఉబలాటమే గదా, 'అమ్మా, ఒకటే ఒకటి తవ్వి చూద్దామే' అంటే, సుంకులమ్మ ఏమనిందో తెలుసా? 'ఉలిగీ, ఆ మూత అట్లే ఉండనీ' అనింది. ఉలిగమ్మ గట్టు మీద కూలబడి నవ్విందంట. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుందంట.

ఆకు పండుబారింది. కింది ఆకు రాలబట్టింది. పదునువాన ఒకటి పడినాక నలుగురినీ పిలిచి, వాళ్ళ ముందరే సుంకులమ్మ వంగి ఒక చెట్టు పట్టుకుంది. పీకింది. గుత్తులు గుత్తులు! మన్ను దులిపితే గలగలమన్నాయి. కాయ ఒలిస్తే ముదిరిన గుర్తుగా పొట్టు లోపల నల్లగా తేలింది, గింజ నిండుగా ఉంది. ఉరుకుందప్ప ఒకటి ఒలిచి నోట్లో ఏసుకున్నాడు. ఇంకోటి ఏసుకున్నాడు. అప్పుడు మెల్లగా, 'వదినా, ఆ తెల్లమన్ను వంకలో ఏ పక్క ఉంటాది?' అన్నాడంట. 'నీ చేలో చెట్టునడుగు' అనింది సుంకులమ్మ. చేను సంగతి మళ్ళా ఎత్తలేదు వాడు.

కాయలు మూట కట్టుకుని ఆమె పక్కూరికి పోయింది. వాకిట్లోనే కూతురి చేతికిచ్చింది. వియ్యపురాలే వచ్చి, 'లోపలికి రా వదినా, మూతలు చూడవా?' అని ఎగతాళి చేసిందంట. 'దగ్గర పెట్టినా గదా, తింటాదిలే' అని చెప్పి ఇంటికి తిరుక్కుందంట సుంకులమ్మ. దోవలో ఎన్నిసార్లు ఎనక్కి తిరిగి చూసిందో నేను అడగలేదు, మీరూ అడగొద్దు. తల్లి గదా. మీకు చేతులు ఊరకుండకపోతే ఇదో, ఈ చాటలో కాయలున్నాయి, ఒలవండి.