నలభయ్యో పేజీ

మదనపల్లెలో ఎంపీ ఆఫీసుకు మాజీ సైనికుడి భార్య రుక్సానా వచ్చింది. పీఏ మిఠాయి పెట్టె చాపాడు.

"తీసుకోమ్మా. రక్షణ బిల్లు పాసైంది, కొత్త విమానాలొస్తాండాయి."

"ఆ బిల్లులో నలభయ్యో పేజీ సదివినారా అప్పా?"

"అన్ని పేజీలు ఎవరు సదువుతారమ్మా?"

"నేను సదివినా. చెవుడు ఇంక సర్వీసులో అయిన గాయం కాదంట, ముసలితనమంట, దానికి పింఛనియ్యరంట. మా ఇంటాయనకు ఫిరంగుల కాడ ముప్పై ఎనిమిదేండ్లకే చెవుడొచ్చె. అది ముసలితనమా?"

"సారుకు తెలిసుండదు."

"తెలీకనే బిల్లుకు ఓటేసి బల్ల గుద్దినాడా?"

"కోపమొద్దమ్మా. రేపు పుంగనూరు సభలో మీ ఆయనకు శాలువా కప్పుతాం."

"కప్పండి. మీ పొగడ్తలు ఆయనకెట్లాగూ వినపడవు. మైకు నాకియ్యండి, ఆ పేజీ సదువుతా."

పీఏ శాలువాల జాబితాలో ఆమె భర్త పేరు కొట్టేశాడు.

రుక్సానా మిఠాయి ముట్టలేదు. అక్కడే నిలబడి, కుప్పంలో ఉన్న మరో సైనికుడి భార్యకు ఫోన్ చేసింది. "అక్కా, రేపు పుంగనూరుకు రా. శాలువాలకు కాదు."