గొర్రెలావిడ, గడ్డి ఉద్యోగం

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఒక గోల్ఫ్ మైదానం. పొద్దున్నే, అక్కడి గడ్డికంతటికీ పెద్దదిక్కయిన యువకుడు, పనికోసం వచ్చిన యాభై దాటిన ఒకావిణ్ణి వెంటబెట్టుకుని, భుజాన పారతో నడుస్తున్నాడు.

"ఇన్నేళ్లూ గొర్రెలు కాసి, ఇప్పుడు గడ్డి పనికెందుకొచ్చారమ్మా?"

"గొర్రెల్ని మేపాలంటే ముందు గడ్డిని పెంచాలిగా బాబూ! మోకాళ్లు కొండ ఎక్కనన్నాయి, మందని అమ్మేశాను. చేతులే ఊరుకోవడం లేదు."

"గోల్ఫ్ ఆడతారా?"

"ఎప్పుడూ ఆడలేదు. బంతి పోగొట్టుకుని మా గొర్రెల్ని తిట్టేవాళ్లని చూశానంతే."

అతనికి నవ్వొచ్చింది.

"ముందు గడ్డి పెంపకం నేర్పే కాలేజీకెళ్లాలి. కుర్రాళ్ల పక్కన కూర్చుని పరీక్షలు రాయాలి. సిగ్గనిపించదూ?"

"సిగ్గయితే వాళ్లే పక్కకి జరుగుతారు. పాసయ్యాక?"

"చాన్నాళ్లు గడ్డి కోయాలి, ఇసుక గుంటలు సరిచెయ్యాలి. పని పట్టుబడితే ఎప్పటికైనా నా స్థానంలోకి రావచ్చు."

"మరి అప్పటికి నువ్వెక్కడుంటావు?"

అతను ఆగిపోయాడు. ఆ మాట ఇంట్లో భార్యకి కూడా ఇంకా చెప్పలేదు.

"ఎడారి దేశం నుంచి పిలుపొచ్చింది. అక్కడ కొత్త మైదానం వేస్తున్నారు. వెళ్లాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను."

"ఇసుకలో గడ్డి మొలుస్తుందా?"

"అదే... నాకూ చూడాలనుంది."

"చూడాలనుంటే ఇంకా ఆలోచనేమిటి? నాకు తొందరగా నేర్పెయ్."

అతను భుజం మీది పార తీసి ఆవిడ చేతికిచ్చాడు.